రాతిపువ్వు చెప్పే గాలి సంగతి

మసాలా దినుసుల కొట్లో అనాసపువ్వు, మరాఠీ మొగ్గల పక్కన నల్లగా, అక్కడక్కడా బూడిదరంగుతో, నలిగిన ఎండుటాకుల్లా కనిపించే సరుకును రాతిపువ్వు అంటారు. బిర్యానీ మసాలాలో చిటికెడు పడితే చాలు, వేడి నూనె తగలగానే తడిమట్టినీ పొగనూ కలిపినట్టుండే వాసన లేస్తుంది. పేరుకు పువ్వే గానీ అది పువ్వు కాదు, ఆకు కాదు, ఆ మాటకొస్తే మొక్కే కాదు. రాయి మీదా పెరగగలదు గానీ, అంగడికొచ్చే దానిలో చాలా భాగం హిమాలయ సానువుల్లోనూ పశ్చిమ కనుమల్లోనూ చెట్ల బెరడు మీది నుంచి ఒలిచి తెచ్చిందే. శాస్త్రం దీన్ని లైకెన్ అంటుంది. రాతిపువ్వు పేరుతో అమ్ముడయ్యేవి ఎక్కువగా పార్మోట్రీమా, ఎవర్నియాస్ట్రమ్ ప్రజాతులకు చెందినవి.

బడిలో ఆమ్లాన్నీ క్షారాన్నీ గుర్తుపట్టే లిట్మస్ కాగితానికి రంగు ఇచ్చిందీ లైకెన్లే. రొసెల్లా అనే తీరప్రాంతపు లైకెన్లను పులియబెట్టి ఆ రంగు తీసేవారు. వంటింట్లో, ప్రయోగశాలలో ఇంత పరిచయం ఉన్నా, మామిడి మాను మీదా దక్కన్ బండల మీదా బూడిదరంగు, లేతాకుపచ్చ, పసుపు మచ్చలుగా కనిపించే లైకెన్‌ను జనం పాచి అనో బూజు అనో అనేసి ఊరుకుంటారు. ఆ రెండు మాటల్లోనూ సగం సగం నిజముంది. పాచి శైవలం, బూజు శిలీంధ్రం. లైకెన్‌లో ఉన్నది ఆ రెండూ.

ఒకే ఇల్లు, ఒకే ఇంటిపేరు

ఆకులా పరుచుకునే లైకెన్‌ను సన్నగా అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, పైన గట్టిగా పేనుకుపోయిన శిలీంధ్ర తంతువుల పొర కనిపిస్తుంది. దాని కింద పచ్చటి గుండ్రని శైవల కణాలు పలుచగా పేర్చినట్టు ఉంటాయి. ఇంకా కిందికి పోతే శిలీంధ్ర తంతువులే మళ్లీ, ఈసారి గాలి ఆడేంత వదులుగా అల్లుకుని ఉంటాయి. అడుగున బెరడునో రాతినో పట్టుకునే పోగులు. అవి వేళ్లు కావు, పట్టుకోవడమే వాటి పని. లైకెన్ శరీరంలో అత్యధిక భాగం శిలీంధ్రమే. ఆకారం దానిదే, పేరూ దానిదే. శాస్త్రీయ నామకరణ నియమాల ప్రకారం లైకెన్‌కు పెట్టిన పేరు అందులోని శిలీంధ్రానికి చెందుతుంది. శైవలానికి వేరే పేరు ఉంటుంది. ఒకే శైవల జాతి ఎన్నో లైకెన్లలో కాపురం చేస్తూ కనిపిస్తుంది.

శైవలం ఎండను పట్టి కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది. తయారైన పిండిపదార్థంలో పెద్ద భాగాన్ని శిలీంధ్రం లాగేసుకుంటుంది. భాగస్వామి ట్రెబౌక్సియా వంటి ఆకుపచ్చ శైవలమైతే రిబిటాల్ వంటి చక్కెర ఆల్కహాళ్ల రూపంలో, నాస్టాక్ వంటి నీలి ఆకుపచ్చ శైవలమైతే గ్లూకోజు రూపంలో ఈ బదిలీ జరుగుతుంది. నీలి ఆకుపచ్చ శైవలాలు నిజానికి బ్యాక్టీరియాలు, వాటినే సయనోబాక్టీరియా అంటారు. ఇవి గాలిలోని నత్రజనిని కూడా పట్టి ఇస్తాయి. అమెరికా వాయవ్య తీరపు ముసలి డగ్లస్ ఫర్ అడవుల్లో కొమ్మల నిండా పెరిగే లోబేరియా లైకెన్లు రాలిపడి, కుళ్లి, హెక్టారుకు ఏటా కొన్ని కిలోల నత్రజనిని ఆ నేలకు ఎరువుగా ఇస్తాయి.

బదులుగా శిలీంధ్రం ఇచ్చేది నీడ, తడి, పట్టు. పైపొరలో అది కూడబెట్టే రంగు పదార్థాలు ఎండ తీవ్రతను కాస్తాయి. లైకెన్లలో మాత్రమే దొరికే ఇలాంటి రసాయనాలు వెయ్యికి పైగా ఉన్నాయని లెక్క. కొన్ని చేదు, కొన్ని విషం, కొన్ని సూక్ష్మజీవులను ఆపేవి. పసుపురంగు జాంతోరియా మీద ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తే క్షణంలో ముదురు ఎరుపుకు మారుతుంది. జాతులను గుర్తించడానికి ఇప్పటికీ వాడే ఈ చుక్క పరీక్షలకు 1860లలో దారి వేసినవాడు పారిస్‌లో స్థిరపడిన ఫిన్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు విలియం నైలాండర్. ఈయన పేరు మళ్లీ రెండుసార్లు వస్తుంది, ఒకసారి తప్పు పక్షాన, ఒకసారి ఒప్పు పక్షాన.

లైకెన్ ఒక్క జీవి కాదు, రెండు అని 1867లో చెప్పినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన సైమన్ ష్వెండెనర్. శిలీంధ్రం యజమాని, శైవలాలు దానికి చిక్కిన బానిసలు అన్నది ఆయన పోలిక. అప్పటిదాకా లైకెన్లను ప్రత్యేక మొక్కల తెగగా వర్గీకరిస్తూ జీవితాలు గడిపిన పండితులకు ఇది మింగుడుపడలేదు. నైలాండర్ వారిలో ముందు వరసవాడు. చివరిదాకా ఒప్పుకోలేదు. అయితే ఆ బానిస పోలిక నచ్చని కొందరు జర్మన్ శాస్త్రవేత్తలు ఈ బంధానికి తటస్థమైన పేరు వెతికారు. 1877లో ఆల్బర్ట్ ఫ్రాంక్, మరుసటి ఏడు ఆంటన్ డి బారీ వాడుకలోకి తెచ్చిన మాటే నేడు తెలుగు పాఠ్యపుస్తకాల్లో సహజీవనం. జీవశాస్త్రమంతటికీ పాకిన ఆ భావన పుట్టింది లైకెన్ మీద జరిగిన తగువులోనే.

సహజీవనం అనగానే ఇచ్చిపుచ్చుకోవడం, సామరస్యం అనుకోవడం అలవాటైపోయింది. డి బారీ ఉద్దేశంలో అది కలిసి బతకడం మాత్రమే, ఎవరికి లాభమన్నది ఆయన తేల్చలేదు. అమెరికా శాస్త్రవేత్త వెర్నాన్ అహ్మద్‌జియాన్ క్లాడోనియా క్రిస్టటెల్లా అనే లైకెన్‌లోని శిలీంధ్రాన్నీ శైవలాన్నీ విడదీసి పెంచి, మళ్లీ కలిపి 1966లో లైకెన్‌ను ప్రయోగశాలలో పుట్టించాడు. ఆహారం పుష్కలంగా ఉన్న పాత్రలో అవి కలవవు. ఎవరి దారి వారిది. ఆకలి వేసినప్పుడే శిలీంధ్రం శైవలాన్ని చుట్టుకుంటుంది. ఈ ఏర్పాటును ఆయన అదుపులో ఉన్న పరాన్నజీవనం అన్నాడు. ష్వెండెనర్ పోలిక మొరటుగా ఉన్నా, నిజానికి అంత దూరంలో ఏమీ లేదనిపిస్తుంది.

మూడోవాడు, ఆ తర్వాత ఇంకెందరో

దాదాపు 150 ఏళ్లు ఒక శిలీంధ్రం, ఒక శైవలం అన్న సూత్రం నడిచింది. 2016 జూలైలో అమెరికాలోని మోంటానా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న టోబీ స్ప్రిబిల్ బృందం 'సైన్స్' పత్రికలో ప్రకటించిన ఫలితం దాన్ని కదిపింది. ఆ ప్రాంతపు అడవుల్లో చెట్ల నుంచి జుట్టులా వేలాడే బ్రయోరియా లైకెన్లలో రెండింటిని ఆ బృందం పోల్చింది. ఒకటి గోధుమరంగు, అక్కడి ఆదివాసులు గుంతల్లో ఉడకబెట్టి తినేది. రెండోది పసుపుపచ్చ, వల్పినిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న విషపుది. జన్యువులు చూస్తే రెండింట్లోనూ శిలీంధ్రం అదే, శైవలం అదే. మరి తేడా ఎక్కడిది?

స్ప్రిబిల్ వెతికింది ఎవరూ వెతకని చోట. లైకెన్లలో ప్రధాన శిలీంధ్రం దాదాపు ఎప్పుడూ ఆస్కోమైసీట్ వర్గానిదే కాబట్టి మిగతా వర్గాల జన్యువులు కనిపిస్తే అవి పైన పడ్డ మలినాలని పక్కన పెట్టడం రివాజు. ఆయన వాటినీ లెక్కలోకి తీసుకున్నాడు. పుట్టగొడుగుల వర్గమైన బసిడియోమైసీట్‌లకు చెందిన ఒక ఈస్టు పైపొరలో దొరికింది. పసుపు రకంలో అది ఎక్కువ, గోధుమ రకంలో తక్కువ. ఆరు ఖండాల లైకెన్లలోనూ దాని బంధువులు బయటపడ్డాయి. సూక్ష్మదర్శినిలో 150 ఏళ్లుగా చూస్తూ చూడకుండా వదిలేసిన మూడోవాడు దొరికాడని పత్రికలు రాశాయి.

ఆ ఉత్సాహం తర్వాత కొంత చల్లారింది. అమెరికాలోని దక్షిణ అపలాచియన్ కొండల్లో 300కు పైగా లైకెన్ జాతుల జన్యువులను గాలించిన మరో బృందం 2019లో ఆ ఈస్టు చాలా కొద్దింటిలోనే ఉందని చూపింది. అదే ఏడాది తోడేలు లైకెన్ అనే లెథారియాలో ట్రెమెల్లా అనే మరో బసిడియోమైసీట్ బయటపడింది. అంటే మూడో భాగస్వామి తప్పనిసరి అని గానీ, ఎక్కడా లేదని గానీ చెప్పలేం. 2024లో 400కు పైగా లైకెన్ నమూనాల జన్యు సమాచారాన్ని కలిపి చూసిన అధ్యయనం మరో సంగతి తేల్చింది. కొన్ని బ్యాక్టీరియా వంశాలు ఒక దేశపు లైకెన్‌లోనూ, మరో ఖండపు లైకెన్‌లోనూ మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. అవి అతిథులా, ఇంటివాళ్లా అన్నది తేల్చడం ఇప్పుడు ఈ రంగంలో సాగుతున్న ముఖ్యమైన పని. ఈస్టు ఉన్నంత మాత్రాన అది ఏదో పని చేస్తోందని రుజువు కాదన్న జాగ్రత్త మాత్రం 2016 కన్నా ఇప్పుడు ఎక్కువగా ఉంది. అది మంచిదే.

పాఠ్యపుస్తకాలు దిద్దుకోవలసిన మాట మరొకటుంది. బంజరు రాతి మీద మొదట లైకెన్లు చేరి, దాన్ని మట్టిగా మార్చి, మొక్కలకు దారి వేశాయని, భూమి మీద జీవం నేలకెక్కింది అలాగేనని చాలాచోట్ల చదువుతాం. నేటి బండమీద వరస అలాగే ఉండొచ్చు. కానీ భూచరిత్రలో జరిగింది అది కాకపోవచ్చు. మాథ్యూ నెల్సన్ తదితరులు శిలీంధ్రాల, శైవలాల వంశవృక్షాలను కాలంతో సరిచూసి, నేడు కనిపించే లైకెన్ వంశాలు నాళికా కణజాలమున్న మొక్కల తర్వాతే పుట్టాయని 2019లో చూపారు.

తోలు లేని ఒళ్లు

లైకెన్ బలమూ బలహీనతా ఒకే చోట ఉన్నాయి. మొక్క ఆకుకు మైనపు పూత ఉంటుంది, తెరుచుకుని మూసుకునే పత్రరంధ్రాలు ఉంటాయి, కావలసినంతే లోపలికి రానిచ్చే వేరు ఉంటుంది. లైకెన్‌కు ఇవేవీ లేవు. వాన పడితే అన్ని వైపుల నుంచీ స్పాంజిలా పీలుస్తుంది, ఎండ కాస్తే అప్పడంలా ఎండిపోతుంది. ఎండినప్పుడు జీవక్రియ దాదాపు ఆగిపోతుంది. మళ్లీ తడి తగిలిన నిమిషాల్లో మొదలవుతుంది. ఆకుపచ్చ శైవలమున్న లైకెన్లకు వాన కూడా అక్కర్లేదు, గాలిలోని తేమ చాలు. నీలి ఆకుపచ్చ శైవలమున్న వాటికి మాత్రం నీటిబొట్టు తగలాల్సిందే. జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో లాంగె 1980లలో కొలిచి చూపిన ఈ తేడా వల్లే ఏ లైకెన్ ఎక్కడ బతుకుతుందన్నది చాలావరకు తేలిపోతుంది.

ఎండి నిద్రపోగల ఈ శక్తి ఎంతదో చూడటానికి 2005లో యూరోపియన్ అంతరిక్ష సంస్థ రెండు లైకెన్లను ఫోటాన్-ఎం2 ఉపగ్రహం మీద పంపి, దాదాపు 15 రోజులు శూన్యానికీ, వడపోత లేని సూర్యకాంతికీ వదిలేసింది. తిరిగొచ్చి తడిపాక అవి ఎప్పటిలా కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టాయి. వాటిలో ఒకటైన జాంతోరియా ఎలిగాన్స్ తర్వాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట ఏడాదిన్నర ఉండి కూడా బతికింది. రెండోది రైజోకార్పన్ జియోగ్రాఫికం, రాతిమీద పటం గీసినట్టుండే పసుపుపచ్చ లైకెన్. చలి ప్రాంతాల్లో ఇది ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. పెరుగుదల ఇంత నెమ్మదిగా, నిలకడగా ఉంటుంది కాబట్టి దాని వ్యాసాన్ని కొలిచి హిమానీనదం ఎప్పుడు వెనక్కి తగ్గిందో, బండ ఎప్పుడు గాలికి బయటపడిందో లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రియాకు చెందిన రోలాండ్ బెషెల్ 1950లో ప్రతిపాదించాడు. వయసు తెలిసిన సమాధి రాళ్ల మీది లైకెన్లే ఆ లెక్కకు కొలబద్ద.

అంతరిక్షాన్ని తట్టుకున్న ఈ తెగే పట్నం పొగను తట్టుకోలేదు. ఎండిన లైకెన్‌కు ఏదీ తగలదు, తడిసినప్పుడు మాత్రం ఏదీ తగలకుండా ఉండదు. వానలో, మంచులో, దుమ్ములో ఏముంటే అది లోపలికి పోతుంది. ఆకు రాల్చి వదిలించుకునే ఉపాయం లేదు. ఏళ్ల తరబడి అదే ఒంటితో బతకాలి.

పారిస్ తోటలో మొదలైన లెక్క

1866లో నైలాండర్ ఒక చిన్న సంగతి రాశాడు. పారిస్ నగరంలో ఎక్కడా కనిపించని లైకెన్లు లక్సెంబర్గ్ తోట చెట్ల మీద మాత్రం ఉన్నాయి. అక్కడి గాలి మెరుగని, గాలి మంచిచెడ్డలకు లైకెన్లు కొలమానమని ఆయన భావించాడు. లైకెన్‌లో ఇద్దరున్నారని ఒప్పుకోని మనిషే లైకెన్‌తో గాలిని కొలవొచ్చని మొదట చెప్పినవాళ్లలో ఒకడు. ఆ శతాబ్దం ముగిసేలోగా ఆ తోటలోంచి కూడా లైకెన్లు పోయాయి.

కారణం బొగ్గు. బొగ్గు మండితే దానిలోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా మారుతుంది. తడి లైకెన్‌లో అది కరిగి ఆమ్లమవుతుంది. శైవలంలోని పత్రహరితంలో మెగ్నీషియం ఊడిపోయి, పనికిరాని గోధుమరంగు పదార్థం మిగులుతుంది. శైవలం వంట ఆపేస్తే శిలీంధ్రానికి తిండి లేదు. పైగా ఆమ్ల వర్షం బెరడునే పుల్లగా మార్చి కొత్త లైకెన్లు మొలవకుండా చేస్తుంది. ఇంగ్లండ్ పారిశ్రామిక ప్రాంతాల్లో తెల్ల చిమ్మటలు తగ్గి నల్లవి పెరిగాయన్న కథ పదో తరగతి విద్యార్థులకూ తెలుసు. ఆ కథలో మసి గురించి చెబుతారు గానీ, తెల్ల చిమ్మటను దాచిపెట్టిన లైకెన్లు చచ్చిపోవడం కూడా అందులో సగభాగమన్నది తరచు జారిపోతుంది.

1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచులో వేలమంది చనిపోయాక, 1956లో బ్రిటన్ స్వచ్ఛవాయు చట్టం తెచ్చింది. గాలిని కొలిచే యంత్రాలు అప్పటికి కొద్ది చోట్లే ఉండేవి. డేవిడ్ హాక్స్‌వర్త్, ఫ్రాన్సిస్ రోజ్ 1970లో 'నేచర్' పత్రికలో ఇంగ్లండ్, వేల్స్‌ల కోసం సున్నా నుంచి పది వరకు ఒక లైకెన్ కొలబద్దను ప్రచురించారు. చెట్టు మీద ఏ జాతులున్నాయో చూస్తే చలికాలపు సల్ఫర్ డయాక్సైడ్ ఎంత ఉందో చెప్పవచ్చు. గడ్డంలా వేలాడే అస్నియా వంటివి ఉంటే గాలి శుభ్రం. పొదలాంటివి పోయి ఆకులాంటివి మిగిలితే మధ్యస్థం. ఘనపు మీటరు గాలిలో 150 మైక్రోగ్రాముల దగ్గర లెకనోరా కోనిజియాయిడిస్ అనే బూడిదాకుపచ్చ పొర ఒక్కటే మిగులుతుంది. 170 దాటితే లైకెన్ ఉండదు. పైసా ఖర్చు లేకుండా, ఒక భూతద్దంతో, దేశం మొత్తానికి గాలి పటం గీయడం సాధ్యమైంది.

ఈ లెకనోరా కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. పందొమ్మిదో శతాబ్దానికి ముందు బ్రిటన్‌లో దాని జాడ దాదాపు లేదు. ఆమ్లం నిండిన బెరడు మిగతావాటికి విషమైతే దీనికి అనుకూలమైంది, పోటీ లేకపోవడంతో నగరాలన్నీ ఆక్రమించింది. తర్వాత బ్రిటన్ సల్ఫర్ డయాక్సైడ్ విడుదల 1970తో పోలిస్తే 95 శాతానికి పైగా తగ్గింది. ఒకప్పుడు చెట్టుచెట్టుకూ కనిపించిన ఆ లెకనోరా ఇప్పుడు వెతికితే గానీ దొరకదు. పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటకు లైకెన్లు తిరిగొచ్చాయి, లండన్‌కూ వచ్చాయి. అయితే వచ్చినవి పోయినవి కావు.

అక్కడే 'లైకెన్ ఉంటే గాలి శుభ్రం' అన్న బడి సూత్రం బెడిసింది. గంధకం తగ్గేసరికి గాలిలో నత్రజని సమ్మేళనాల కాలుష్యం ముందుకొచ్చింది. వాహనాల నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు, పశువుల పాకల నుంచీ ఎరువు చల్లిన పొలాల నుంచీ అమ్మోనియా. అమ్మోనియా బెరడును క్షారం వైపు తిప్పుతుంది. అప్పుడు పసుపు జాంతోరియా లాంటి నత్రజని ప్రియులు చెట్లను కప్పేస్తాయి, ఆమ్లపు బెరడును కోరే అస్నియా, ఎవర్నియా వంటివి తప్పుకుంటాయి. దూరం నుంచి చూసేవారికి చెట్టు నిండా లైకెన్లే, గాలి బాగున్నట్టే. తెలిసినవారికి అది పశువుల పాకలున్న ఊరు. లైకెన్లు అందరికన్నా ముందు దెబ్బతింటాయి కాబట్టి వాటి కోసం యూరప్‌లో అమ్మోనియాకు పెట్టిన ప్రమాద రేఖ ఘనపు మీటరుకు ఒక మైక్రోగ్రాము. పెద్ద మొక్కలకు అది మూడు. బ్రిటన్‌లో 2009లో మొదలైన ప్రజా సర్వేలో బడిపిల్లలు, ఇంటివాళ్లు తొమ్మిది లైకెన్లను మూడు గుంపులుగా, అంటే నత్రజనిని కోరేవి, ఓర్చుకునేవి, ఓర్వలేనివిగా గుర్తుపట్టి నమోదు చేశారు. ఉన్నాయా లేవా అన్న ప్రశ్న పోయి, ఎవరున్నారు అన్న ప్రశ్న వచ్చింది.

కొలిచే చేయి మారితే లెక్క మారకూడదు కదా. అందుకే 2014లో యూరప్ ఒక ప్రామాణిక పద్ధతిని ఖరారు చేసింది. నేల నుంచి మీటరు ఎత్తున, చెట్టు బోదెకు నాలుగు దిక్కులా 10 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవున్న నిచ్చెనలాంటి చట్రం పెట్టాలి. దానిలో ఐదేసి గళ్లు. ఒక్కో జాతి ఎన్ని గళ్లలో ఉందో లెక్కపెట్టి కూడాలి. ఇలాంటి లెక్క ఎంత దూరం పోతుందో ఇటలీలో తెలిసింది. 1997లో చిస్లాగి, నిమిస్ 'నేచర్'లో ప్రచురించిన అధ్యయనంలో వెనెటో ప్రాంతంలో 600కు పైగా చోట్ల కొలిచిన లైకెన్ వైవిధ్యాన్ని, అక్కడి యువకుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలతో పోల్చారు. లైకెన్ తక్కువైన చోట మరణాలు ఎక్కువ. లైకెన్ లేకపోవడం క్యాన్సర్ తేదు, రెండింటినీ కలుపుతున్నది గాలి అన్నది వారి వాదన. ఇలాంటి పోలికల్లో ఇతర కారణాలు దాగి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. 

చావకుండా దాచుకునేవి

లైకెన్ చెప్పే సాక్ష్యం చావు రూపంలోనే ఉండనక్కర్లేదు. సీసం, కాడ్మియం, రాగి వంటి లోహాలు చాలావాటిని చంపవు. తంతువుల గోడలకు అంటుకునో, మధ్య ఖాళీల్లో రేణువులుగా చిక్కుకునో పోగుపడతాయి. లైకెన్‌ను కాల్చి బూడిదను పరీక్షిస్తే గత కొన్నేళ్ల గాలి చిట్టా బయటపడుతుంది. లైకెన్ లేని చోట శుభ్రమైన అడవి నుంచి తెచ్చిన దాన్ని జాలీ సంచిలో కట్టి, రోడ్డు పక్కనో కర్మాగారం పక్కనో వేలాడదీసి, కొన్ని నెలల తర్వాత తీసి చూస్తారు. వాయుమాపక యంత్రం గంట గంటకూ అంకె ఇస్తుంది, కానీ అది ఖరీదైనది, కరెంటు కావాలి. లైకెన్ సంచికి చెట్టుకొమ్మ చాలు.

ఈ దాచుకునే గుణానికి మనుషులు పెద్ద మూల్యం చెల్లించిన సందర్భం చెర్నోబిల్. 1986 ఏప్రిల్ అణు ప్రమాదం తర్వాత రేడియోధార్మిక సీజియం-137 వానతో స్వీడన్, నార్వే కొండల మీద పడింది. నేల మీది గడ్డిలో అది కొన్నాళ్లకు పలచబడింది. రైన్‌డీర్ లైకెన్ మాత్రం పట్టి ఉంచేసింది. చలికాలంలో రైన్‌డీర్లకు ఆ లైకెనే ప్రధాన మేత, ఆ మాంసమే అక్కడి ఆదివాసులైన సామీ ప్రజల తిండి, ఆదాయం. స్వీడన్ మొదట ఆహారంలో సీజియానికి కిలోకు 300 బెకరెల్‌ల (రేడియోధార్మికతకు కొలమానం) పరిమితి పెట్టింది. చాలా మాంసం పారవేయాల్సి రావడంతో 1987లో రైన్‌డీర్ మాంసానికి ఆ పరిమితిని 1,500కు పెంచింది. అణుపరీక్షల కాలంలో, 1960లలోనే అలాస్కాలోనూ ఉత్తర యూరప్‌లోనూ ఇదే గొలుసు కనబడింది. హెచ్చరిక కొత్తదేమీ కాదు.

ఇప్పుడు లైకెన్లను అడుగుతున్న ప్రశ్న ఉష్ణోగ్రత గురించి. నెదర్లాండ్స్‌లో 1979 నుంచి ఐదేళ్లకొకసారి అవే చెట్లను చూస్తూ వచ్చిన వాన్ హెర్క్, ఆప్ట్రూట్, వాన్ డాబెన్ వెచ్చటి దేశాల జాతులు ఉత్తరానికి పాకుతున్నాయని, చలి ప్రాంతాలవి తగ్గుతున్నాయని 2002లో రాశారు. ఇక్కడ ఇద్దరి కాపురం కావడం ఒక చిక్కు. శిలీంధ్రం వేడికి ఓర్చుకున్నా, దానితో ఉండే శైవలం ట్రెబౌక్సియా ఓర్చుకోకపోతే ఇల్లు నిలవదు. ట్రెబౌక్సియా వంశ చరిత్రను పరిశీలించి 2022లో నెల్సన్ బృందం ఇచ్చిన అంచనా ప్రకారం, కొత్త వాతావరణానికి అలవాటుపడటానికి ఆ శైవలాలకు లక్షల ఏళ్లు పట్టింది. వాతావరణం దశాబ్దాల్లో మారుతోంది.

మన చెట్ల మీద

భారతదేశంలో ఇప్పటిదాకా నమోదైన లైకెన్ జాతులు మూడువేలకు అటూఇటూ ఉంటాయి. ప్రపంచంలో తెలిసినవి దాదాపు 20 వేలు. ఈ శాస్త్రానికి ఇక్కడ పునాది వేసినవాడు లక్నోలో పనిచేసిన ధరణీ ధర్ అవస్థీ. ఆ నగరంలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ నేటికీ దేశంలో లైకెన్ పరిశోధనకు కేంద్రం. గాలి కాలుష్యం మీద అక్కడివారు ఎక్కువగా వాడింది పిక్సీన్ కోకోస్ అనే బూడిదరంగు లైకెన్‌ను. ఉత్తరాది పట్నాల్లో రోడ్డు పక్క మామిడి మానుల మీద పుష్కలంగా దొరికే ఈ లైకెన్‌లో పోగైన లోహాలను కొలిచి ట్రాఫిక్ ఎక్కువైన కూడళ్లను గుర్తించారు. 2020లో ఉత్తరాఖండ్ అటవీశాఖ మున్సియారీలో దేశంలోనే తొలి లైకెన్ వనాన్ని ప్రారంభించింది. తూర్పు కనుమలు ఈ విషయంలో చాలాకాలం పట్టించుకోని ప్రాంతం. గత దశాబ్దంలో కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, లక్నో సంస్థ పరిశోధకులు కలిసి చేసిన సర్వేలు ఆంధ్రప్రదేశ్ జాబితాకు కొత్త జాతులను చేర్చాయి.

ఇంగ్లండ్ కొలబద్దను తెచ్చి హైదరాబాద్ చెట్లకు పెట్టడం కుదరదు. జాతులు వేరు, ఎండ వేరు, ఎనిమిది నెలల పొడికాలం వేరు. ఇక్కడ లైకెన్ కనిపించకపోవడానికి పొగే కారణం కానక్కర్లేదు. తారు రోడ్లూ గోడలూ నిండిన పట్నంలో గాలి వేడెక్కి తేమ తగ్గడమూ చాలు. చెట్టునూ చూడాలి. జామ, నీలగిరి, తెల్లమద్ది బెరడు పొరలుగా ఊడిపోతుంది, దాని మీద ఏదీ నిలవదు. మామిడి, పనస, కొబ్బరి బోదెలు నమ్మదగినవి. వానాకాలం తర్వాత తడి ఆరకముందు చూస్తే లైకెన్ నిజమైన రంగు తెలుస్తుంది. ఎండాకాలంలో అదే చెట్టు మీద బూడిదమచ్చలే కనిపిస్తాయి.

రాతిపువ్వు సంగతికి వస్తే, ఏళ్ల తరబడి పెరిగినదాన్ని ఒక్క చేతి ఒలుపుతో తీసేస్తే అది మళ్లీ అంత కావడానికి అన్ని ఏళ్లూ పడుతుంది. లోహాలను దాచుకునే గుణం దానికీ ఉంది కాబట్టి ఏ అడవిలో సేకరించారన్నది ధర కన్నా ముఖ్యమైన ప్రశ్న. ఆ వివరం రాసిన పొట్లం అంగట్లో అరుదు.

మామిడి తోటల్లో బోదె మీది ఈ మచ్చలను చెట్టుకు పట్టిన తెగులనుకుని గోకడం, మందు కొట్టడం, సున్నం పూయడం ఉంది. లైకెన్ చెట్టు రసం పీల్చదు, దాని పోగులు బెరడు పైపొర దాటి లోపలికి పోయి తిండి తీసుకోవు. బలహీనపడి ఆకులు రాలిన చెట్టు మీద ఎండ ఎక్కువ తగిలి లైకెన్లు ఎక్కువగా పెరగొచ్చు. అప్పుడు చూడవలసింది వేరునూ నేలనూ. రోడ్డు పక్క చెట్లకు సున్నం, జేగురు పట్టీలు వేసేవారు నేల నుంచి మీటరు ఎత్తున అర మీటరు బెరడును వదిలేస్తే చాలు, గాలిని కొలిచే చోటు అక్కడ మిగులుతుంది.